పూలమాల అని చెప్పాను

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు. తమ ఊరి పేరు అచ్చులో చూసుకుని మురిసిపోయే అవకాశం అక్కడి పెద్దలకి ఇంకోసారి ఇవ్వడం నాకిష్టం లేదు. ఒకసారి నా చేతుల మీదుగానే ఇచ్చాను. అది చాలు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం క్లాసు అయిపోగానే సెంటర్ యజమాని పిలిచాడు.

"మేడమ్, బస్టాండు దగ్గర లాడ్జిలో ఎవరో ఫారినావిడ దిగిందంట. పల్లెటూళ్ళు తిరగాలంటోంది. రెండు భాషలూ వచ్చిన ఆడమనిషి కావాలని ఫోన్ చేశారు. రెండ్రోజులు వెళ్ళి రండి."

ఫారినావిడ అంటే నేను తెల్లావిడనే ఊహించుకుని వెళ్ళాను. గది తలుపు తీసిన మనిషి మా మేనత్తలా ఉంది. నాకన్నా ఒక ఛాయ నలుపు. అరవై దాటిన వయసు, దగ్గరగా కత్తిరించిన ఉంగరాల జుట్టు, తలకి ఎరుపూ పసుపూ గళ్ళ గుడ్డ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిందట. సెయింట్ విన్సెంట్ అనే చిన్న దీవి నుంచి వచ్చానంది. నా మొహం చూసి, "వెస్టిండీస్" అని కలిపింది. అది మాత్రం నాకు తెలుసు. లాడ్జి మేనేజరుకి ఇంకా బాగా తెలుసు. మేం మెట్లు దిగుతుంటే వాళ్ళ ఫాస్ట్ బౌలర్ల పేర్లు వరసగా చెప్పి, "వీళ్ళెవరైనా మేడమ్‌కి చుట్టాలా అడగండి" అన్నాడు.

ఆవిడ వెతుకుతున్నది తన అమ్మమ్మకి అమ్మమ్మ పుట్టిన ఊరు. నూట ముప్పై, నూట నలభై ఏళ్ళ కిందట మద్రాసులో ఓడెక్కి, ఆ దీవిలో చెరుకు తోటల్లో కూలికి దిగిన మనిషి. ఆ ఓడలో ఎక్కించుకున్న వాళ్ళ వివరాలు రాసిన రిజిస్టరులోంచి ఒక పేజీకి జిరాక్సు తీయించుకుని తెచ్చుకుంది. దాన్ని మంచం మీద పరిచి, చేత్తో చదును చేసి నాకు చూపించింది. ఆడమనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. అన్నీ దొరల గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసినవి.

పేరు పక్కన ఇంకో మాట ఉంది. ఇంగ్లీషులో నాలుగక్షరాలు. పైన గడికి పెట్టిన శీర్షిక జిరాక్సులో సగం చెరిగిపోయింది. ఆవిడ వేలు దాని మీద పెట్టింది.

"ఇది ఆమె ఇంటి పేరు. మా ఇంట్లో తరానికొక ఆడపిల్లకి ఇదే పేరు కలుపుతాం. మా అమ్మకుంది. నాకుంది. పోయిన ఏడాది పుట్టిన నా మనవరాలికి చర్చిలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాదిరి గారు ఈ పేరుతోనే పిలిచాడు. మాల. దీనికి అర్థమేమిటో నువ్వు చెప్పగలవా?"

చెరిగిపోయిన శీర్షికలో నాకు కావలసిన అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అది ఇంటి పేరు కాదు, కులం. ఆ కులం నాది కూడా. చిన్నప్పుడు బడిలో అదే మాటతో నన్ను వెనక వరసలోకి పంపారు. పొలం గట్ల మీద అదే మాటకి ముందూ వెనకా ఇంకో రెండు బూతులు తగిలించి మా నాన్నని పిలిచేవాళ్ళు. ఆ మాట బాప్తిస్మపు నీళ్ళలో తడిసి, నర్సమ్మల పేర్లలో, పసిపిల్లల పేర్లలో కూర్చుని నా ముందుకొచ్చింది.

"పూలమాల" అని చెప్పాను. "గార్లండ్."

ఆవిడ కళ్ళు మెరిశాయి. నేను తల దించుకుని ఊరి పేరు చూస్తున్నట్టు నటించాను.

మర్నాడు పొద్దున్నే అంబాసిడర్ కారులో బయల్దేరాం. గుమస్తా రాసిన ఊరి పేరుకి దగ్గరగా ఉన్న ఊళ్ళు మూడు కనబడ్డాయి నాకు. మొదటి రెండూ కాదని తేలేసరికి పదకొండు దాటింది. దారి పొడుగునా ఆవిడ తన దీవి గురించి చెబుతూనే ఉంది. అగ్నిపర్వతం ఉందట, దాని బూడిద వల్ల సముద్రపు ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుందట. సీమపనసకాయని నిప్పుల మీద కాల్చి, వేయించిన చేపతో తింటారట. చేమాకుతో పులుసు కాస్తారట. క్రిస్మస్‌కి ముందు తొమ్మిది రోజులు తెల్లవారుజామునే ఊరంతా లేచి వీధుల్లో పాడుతూ తిరుగుతారట. మా పల్లెలోనూ క్రిస్మస్ ముందు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతామని చెబితే, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చెరుకు తోటల తర్వాత వాళ్ళ వాళ్ళు ఆరారూట్ దుంపల పనిలోకి దిగారట. తవ్వడం, కడగడం, పిండి తీయడం, అంతా ఆడవాళ్ళ చేతుల మీద. ఆ పిండిని ఓడల మీద ప్రపంచమంతా పంపేవాళ్ళట. ఆరారూట్ అంటే మా పాలగుండ. చిన్నప్పుడు కడుపు పాడైతే మా అమ్మ కాచి పోసిన జావ. ఆ మాట చెప్పాను.

"మరి మన భాషలో మీకేమైనా మిగిలిందా?" అని అడిగాను.

"ఒక్కటే. పిల్లల్ని తిండికి పిలిచేటప్పుడు మా అమ్మమ్మ వాకిట్లో నిలబడి అరిచేది. కూడు! కూడు! అని."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా నాయనమ్మ కూడా అలాగే పిలిచేది. కాలేజీలో చేరాక ఆ మాట ఒకసారి నా నోట వచ్చినందుకు హాస్టలు మొత్తం నెల రోజులు నన్ను ఏడిపించింది. ఆ తర్వాత నేనెప్పుడూ అనలేదు.

మూడో ఊళ్ళో టీ బంకు దగ్గర ఆగి అడిగితే, పది మంది కారు చుట్టూ మూగి, మాజీ ప్రెసిడెంటు ఇంటికి దారి చూపించారు. రెండంతస్తుల మేడ. పక్కన కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ప్రెసిడెంటు గారు జిరాక్సు కాగితం చేతిలోకి తీసుకుని తండ్రి పేరు మాత్రం నాతో చదివించుకున్నాడు. అన్ని కులాల్లోనూ ఉండే పేరు.

"ఇంకేముంది మేడమ్!" అన్నాడు తొడ చరిచి. "మా ముత్తాత తమ్ముడొకాయన అలిగి ఓడెక్కి రంగం పోయాడని మా నాయనమ్మ చెప్పేది. ఆయన పేరిదే. రంగం కాదన్నమాట, వెస్టిండీస్! కాగితంలో ఉన్నామె ఆయన కూతురయ్యుంటది."

నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులోకి మార్చాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత అంతా నా చేతుల్లోంచి జారిపోయింది. శాలువా తెప్పించారు. దండ తెప్పించారు. మండలం నుంచి పత్రికా విలేకరి మోటారు సైకిలు మీద వచ్చి, ప్రెసిడెంటు గారూ ఆవిడా మేడ ముందు నిలబడితే ఫొటో తీసుకుని, హడావుడిగా వెళ్ళిపోయాడు. లోపల హాల్లో భోజనాలు పెట్టారు. ప్రెసిడెంటు భార్య స్వయంగా వడ్డించింది. పండుమిరప పచ్చడి వేస్తూ భయపడింది గానీ, ఆవిడ ఇంకాస్త వేయించుకుని తింది.

"చూశారా! మన రక్తం కాకపోతే ఈ కారం ఇట్టా తినుద్దా?" అంది ఇల్లాలు, మురిసిపోతూ.

ఆవిడ సంతోషం పట్టలేక తనకి తెలిసిన ఒక్క తెలుగు ముక్కా బయట పెట్టింది. పళ్ళెం చూపించి, "కూడు!" అంది.

ఇల్లాలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆ మాట అనకూడదమ్మా. భోజనం అనాలి. ఆ మాట మనోళ్ళు అనరు."

అప్పుడే ఊరి హైస్కూల్లో పనిచేసి రిటైరయిన మాస్టారు ఒకాయన వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని, ఒక్కో గడీ పైకి చదవడం మొదలుపెట్టాడు. పేరు. తండ్రి పేరు. వయసు. ఆగి, మళ్ళీ కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు.

"కాస్ట్..." అన్నాడు. తర్వాతి మాట నెమ్మదిగా చదివాడు.

ఇల్లాలు వడ్డించే గరిటె కింద పెట్టేసింది. ఏదో గొప్ప విషయం చదివారనుకుని ఆవిడ నవ్వుతూ, గుండె మీద చెయ్యి వేసుకుని, "అవును, అది నా పేరు కూడా. మాల. పూలమాల" అంది ఇంగ్లీషులో. మాల అన్న ముక్క మాత్రం అందరికీ అర్థమైంది.

ప్రెసిడెంటు ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అప్పటిదాకా మేడమ్, మీరు అన్న మనిషి గొంతు మారింది.

"చదువుకున్నదానివి, కాగితం ముందే చూశావు గదా. ఇంట్లోకొచ్చి కూర్చునే ముందు చెప్పాలని తెలవదా? పరాయి దేశపామె, ఆమెకేం తెలుసు. మా పాలేళ్ళ తాలూకు మనిషిని మా ముత్తాత తమ్ముడి వంశమని ఫొటో కూడా దిగితిని. ఇంతకీ మీరేమిట్లు?"

మా జిల్లాల్లో ఆ ప్రశ్నకి ఒకటే అర్థం. నీ కులమేమిటని. ఆ ప్రశ్నకి అంతకుముందు చాలాసార్లు టీచర్నండీ అనో, క్రిస్టియన్సండీ అనో తప్పించుకున్నాను. ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

"మేమూ అదేనండీ. కాగితంలో ఉన్నదే" అన్నాను.

ఎవరూ మమ్మల్ని పొమ్మనలేదు. పరాయి దేశపు మనిషి ముందు మర్యాద పోతుందని కాబోలు, ప్రెసిడెంటు ఆవిడకి చేతులు జోడించి నవ్వాడు కూడా. కానీ మేం చెప్పులు వేసుకుంటుంటే చూశాను. మేం తిన్న రెండు స్టీలు పళ్ళేలనీ పనిమనిషి గేటు పక్కన మట్టిలో పెట్టింది. మిగతావన్నీ లోపలికి వెళ్ళాయి.

కారు ఊరు దాటాక ఆవిడ అడిగింది. "ఆయన ఏమన్నాడు?"

"ఏదో పొరపాటు జరిగింది, వాళ్ళ కుటుంబం కాదట."

"ఆయన ఆదివారం ప్రసంగమంత మాట్లాడాడు. నువ్వు నాకు చెంచాడు పోశావు. మొత్తం చెప్పు."

డ్రైవరుని కారు పక్కన ఆపమని, మొత్తం చెప్పాను. గడి మీద శీర్షిక ఏమిటో, మాటకి అర్థమేమిటో, పళ్ళేలు ఎక్కడ పెట్టారో. మా నాన్నని ఎలా పిలిచేవాళ్ళో కూడా చెప్పాను. ఆవిడకి వచ్చిన కోపం ప్రెసిడెంటు మీద కాదు, నా మీద.

"నీకు నిన్న లాడ్జిలోనే తెలుసు."

"తెలుసు."

"అయినా పూలదండ అన్నావు."

"మీరు బాధపడతారని..."

"ముప్పై ఏళ్ళు నర్సుని. బిడ్డ చచ్చిపోయిందని తల్లుల మొహం మీదే చెప్పాను. నువ్వు నన్ను కాపాడలేదు. నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు నవ్వించావు."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. దాచింది ఆవిడ కోసం కాదు. కొత్త మనిషి ముందు ఆ మాటని నా నోటితో పలకలేక దాచాను. పలికితే తర్వాతి ప్రశ్న నా గురించే వస్తుందని దాచాను. ఈ ఒక్క సంగతిలో ఆ ప్రెసిడెంటుకీ నాకూ పెద్ద తేడా లేదని ఆ కారులో అర్థమైంది. ఈ రోజుకీ అది నన్ను కాలుస్తూనే ఉంది.

"ఆ పేరున్న మనుషులు ఎక్కడ ఉంటారు?" అంది ఆవిడ. "వెనక్కి తిప్పమను."

పల్లె, అంటే మా వాళ్ళుండే వాడ, ఊరికి దక్షిణాన, రోడ్డుకి పల్లంలో ఉంది. రేకుల చర్చి, ఒకటే కుళాయి. చర్చి నీడలో పాతిక మంది ఆడవాళ్ళు మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆవిడ ఎవరినీ అడక్కుండా వాళ్ళ మధ్య నేల మీద చతికిలబడి, తనూ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో వేళ్ళు మండి, ఊదుకుంటుంటే అందరూ నవ్వారు.

"ఎవరమ్మా ఈమె? మన మనిషిలాగే ఉంది" అందొక ముసలామె.

నేను ఈసారి ఏమీ దాచకుండా చెప్పాను. ఓడ సంగతి, చెరుకు తోటలు, కాగితంలో పేరు, ఆ మాటనే పిల్లలకి పేరుగా పెట్టుకున్న సంగతి. చేతులాడించడం ఆపి విన్నారు. వయసులో ఉన్న ఒకమ్మాయి, "ఆ పేరు వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్నారా? ఎవురూ అనకుండానే?" అని రెండుసార్లు అడిగింది.

ఆ పాత పేర్లు ఎవరికీ తెలియలేదు. ముసలామె మాత్రం ఆవిడ మొహంలోకి చూస్తూ నాతో అంది. "ఆమెకి చెప్పు. మీ అవ్వ పోయి బతికింది. ఈడ ఉన్నోళ్ళం ఇట్టా ఉన్నాం. ఇన్నేళ్ళకి చూడటానికొస్తే ఏం చూపిచ్చాలి? ఊళ్ళో ఆసాముల కల్లమే చూపిచ్చాలి."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తలూపింది. "మా వాళ్ళు వెళ్ళింది కూడా కూలికే, అని చెప్పు. అక్కడా కొరడాలున్నాయని చెప్పు. కానీ ఆమె కోపం న్యాయమేనని కూడా చెప్పు."

ముసలామె ఆ జవాబు విని, లేచి లోపలికి వెళ్ళి, గిన్నెలో చద్దన్నం, మీద ఉల్లిపాయ పెట్టి తెచ్చింది. ఆవిడ గిన్నె అందుకుని, "కూడు" అంది. ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. ఎగతాళి లేదందులో. ముసలామె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, కారం చేతులని మరిచిపోయి, కళ్ళు మండి తిట్టుకుంది.

ఆవిడ ఆ మర్నాడే రైలెక్కింది. నాలుగు రోజులకి పత్రిక జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. పూర్వీకుల ఇంటిని చూసి పులకించిన విదేశీ వనిత, అని. ప్రెసిడెంటు ముత్తాత తమ్ముడి కథ కూడా వేశారు. అంతా తెలిశాక కూడా ఆయన ఆ విలేకరికి ఫోన్ చేసి ఆపించలేదు. ఇంట్లో పళ్ళేలు విడిగా పెట్టించిన మనిషికి పేపర్లో చుట్టరికం పనికొచ్చింది.

ఆ ఊరి వార్తలు వేసేది ఒంగోలు ఆఫీసు కాబట్టి, బస్సెక్కి అక్కడికి వెళ్ళి పత్రికాఫీసులో కూర్చున్నాను. ఇన్‌చార్జి చాలా మర్యాదస్తుడు.

"ఊరు కరెక్టే గదా మేడమ్?"

"ఊరు కరెక్టే. ఇల్లు తప్పు. ఆవిడది ఆ మేడ కాదు, పల్లె."

"ఇప్పుడు సవరణ వేస్తే పెద్దాయన బాధపడతారు. ఎందుకొచ్చిన గొడవ? పాజిటివ్ స్టోరీ అండీ అది."

పల్లెలో తొడిమలు తీసే వాళ్ళు బాధపడరా అని అడిగితే, వాళ్ళు పేపరు చదవరు గదండీ అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు. టేబులు మీద ఉన్న ఆ రోజు పేపరుని అడ్డంగా చింపి వచ్చాను. చిన్నపిల్ల పని. ఇప్పటికీ సిగ్గుపడను.

మర్నాడు క్లాసులో పాఠం పక్కన పెట్టి, జరిగిందంతా నా పిల్లలకి ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నోట్సు మూసి విన్నారు. సాయంత్రం యజమాని గదిలోకి పిలిచి, "అడ్మిషన్ల టైములో ఈ కులాల గొడవ మనకెందుకు మేడమ్? పేరెంట్స్ ఫోన్ చేశారు" అన్నాడు. ఏ పేరెంట్సో అడిగాను. చెప్పలేదు. డస్టరు ఆయన టేబులు మీద పెట్టి వచ్చేశాను. మూడేళ్ళు చిన్న చిన్న ప్రైవేటు బళ్ళలో తిరిగి, చివరికి డీఎస్సీ రాసి ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఆవిడ ఉత్తరం ఏడాది తర్వాత వచ్చింది. దీవిలో భారతీయ సంతతి వాళ్ళంతా చర్చి హాల్లో సమావేశం పెట్టుకుని ఆవిడని మాట్లాడమన్నారట. ముందు రోజు ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చి, ఊరు దొరికిందని చెప్పు, మిగతాది వదిలెయ్యి, మనం ఇక్కడ రాజుల సంతతి అని చెప్పుకుంటున్నాం కదా అన్నారట. ఆవిడ వాళ్ళకి నిమ్మరసం ఇచ్చి పంపేసి, మర్నాడు మొత్తం చెప్పిందట. సగం మంది మధ్యలోనే లేచి పలహారాల వైపు నడిచారట. సొంత కూతురే మనవరాలి పేరు మార్పిస్తానందట. "నా ఇంట్లోనే నాకు ప్రెసిడెంటు దొరికాడు" అని రాసింది. "పోట్లాడుతూనే ఉన్నాను. ఇంకా తేలలేదు."

ఆ ఉత్తరం బడి వరండాలో నిలబడి చదివాను. ఇక్కడి రోగం అంత సముద్రం దాటి అక్కడా మొలిచిందే అని పళ్ళు కొరుక్కున్నాను. పేపరాఫీసు, యజమాని, డస్టరు, అన్నీ ఏకరువు పెడుతూ జవాబు రాయడానికి మూడు రాత్రులు పట్టింది. పోస్టాఫీసులో కవరు తూకం వేసిన గుమస్తా నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"ఇంత బరువు! ఏం రాశారు టీచర్ గారూ?"

"తిట్లు" అన్నాను. ఆయన స్టాంపులన్నీ అతికించి, ముద్ర కొట్టి సంచిలో వేసేదాకా అక్కడే నిలబడ్డాను.